గాజు పెట్టెలో వచ్చిన చెట్లు

1979లో నేను కౌలాలంపూరులోని ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరిన కొత్తలో మా నాన్నగారు నన్ను చూడవచ్చారు. దిగువ పేరా ప్రాంతపు రబ్బరు తోటలో ముప్పై ఏళ్ళకు పైగా పాలు తీసిన మనిషి ఆయన. ముందు గదిలో కూర్చోబెట్టాను. ఆ గది మూల, పెద్ద కుండీలో, నిగనిగలాడే వెడల్పాటి ఆకులతో ఒక మొక్క ఉండేది. ఆఫీసులో అందరూ దాన్ని రబ్బరు మొక్క అనేవారు. ఆ మాట చెవిని పడగానే నాన్నగారు లేచి వెళ్ళి, కింది ఆకు తొడిమ దగ్గర గోటితో చిన్న గీటు పెట్టారు. తెల్లని పాలు బొట్టుగా ఊరాయి. వాటిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, సాగదీసి, వాసన చూసి, చేతిరుమాలుకు తుడుచుకున్నారు.

“ఇది మన చెట్టు కాదురా. మనదానికి ఒక్కో కాడకి మూడేసి ఆకులు. ఇది మర్రి జాతి. పాలున్నాయి గాని పస లేదు” అన్నారు.

అప్పుడు నాకు సిగ్గనిపించింది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాను. ఆయన మూడో తరగతి దాటలేదు. నేను తోట వదిలి చదువుకుని పట్నంలో కుర్చీ సంపాదించుకున్నవాణ్ణి. చాలా ఏళ్ళ తరువాత ఈ చెట్ల చరిత్ర చదవడం మొదలుపెట్టినప్పుడు గాని, ఆయన చెప్పిన నాలుగు ముక్కల్లో ఒక్కటీ తప్పు కాదని తెలియలేదు. కుండీలో ఉన్నది నిజంగానే మర్రి, రావి, మేడి చెట్ల కుటుంబానిది. శాస్త్రజ్ఞులు దాన్ని ఫైకస్ ఎలాస్టికా అంటారు. మన పెద్దలు గీసిన తోట చెట్టు హెవియా. అది ఆముదం, కర్రపెండలం కుటుంబానిది. ఒకదాని పుట్టిల్లు అస్సాం, బర్మా కొండలు మొదలు జావా వరకు. రెండవదాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవి. పాలలో రబ్బరు ఉండడం తప్ప వీటికి చుట్టరికం లేదు.

మరి ఒకటి అద్దాల గదిలోకీ, మరొకటి అడవి నరికిన కొండవాలుకీ ఎలా చేరాయి? వెతుకుతూ పోతే దారి లండను నగరంలోని ఒక వైద్యుని కిటికీ దగ్గరకు తీసుకుపోయింది.

ఆయన పేరు నథానియల్ బాగ్‌షా వార్డ్. 1791లో పుట్టి, లండను తూర్పు భాగంలో, రేవు కూలీలూ ఫ్యాక్టరీలూ నిండిన పేటలో వైద్యం చేసేవాడు. మొక్కలంటే ప్రాణం. పెరట్లో రాళ్ళు పేర్చి ఫెర్న్ మొక్కలు నాటుకుంటే, బొగ్గు పొగకు అవి ఒక్కొక్కటే మాడిపోయేవి. 1829లో, మొక్కలతో సంబంధం లేని పని ఒకటి చేశాడు. ఒక రెక్కల పురుగు గూటిలోంచి బయటికి వచ్చే తీరు చూద్దామని, గాజు సీసాలో తడి మట్టి వేసి, అందులో ఆ గూటిని పెట్టి మూత బిగించాడు. పగటి వేడికి మట్టిలోని తడి ఆవిరై గాజుకు పట్టేది, చల్లబడగానే చుక్కలై మళ్ళీ మట్టిలోకి జారేది. కొన్నాళ్ళకు ఆ మట్టిలోంచి, ఎవరూ నాటకుండానే, ఒక ఫెర్నూ ఒక గడ్డి మొలకా లేచాయి. బయట పెరట్లో బతకని మొక్క, నీళ్ళు పోసే దిక్కు లేని సీసాలో బతికింది. వార్డు ఆ సీసాను కిటికీ బయట తగిలించాడు. మూత తుప్పుపట్టి వాన నీరు లోపలికి దిగేదాకా, దాదాపు నాలుగేళ్ళు, లోపలి పచ్చదనం చావలేదు.

ఇంట్లో మొక్కలు పెంచడం వార్డుతో మొదలైందని అనను. కుండీలో మొక్క పెంచని నాగరికత బహుశా లేదు; మన తులసికోటే ఉంది. కాని గాలి, వెలుతురు సరిగా లేని పట్నపు గదిలో దూరదేశపు మొక్కను బతికించవచ్చునన్న నమ్మకాన్ని మామూలు జనానికి ఇచ్చింది ఆ సీసాయే.

వార్డుకు మొక్కల వ్యాపారి ఒకడు మిత్రుడుండేవాడు, జార్జ్ లాడిజెస్ అని, లండనులోని హాక్నీ పేటవాడు. అంతకు ముందు దూరదేశాల నుంచి ఓడ మీద తెప్పించే మొక్కల్లో ఇరవైకి పంతొమ్మిది దారిలోనే పోయేవని లాడిజెస్ లెక్క. ఉప్పుగాలి, మంచినీటి కరువు, ఎలుకలు, మొక్కల మీద నీళ్ళు వృథా ఎందుకనుకునే నావికులు, ఇన్నిటిని దాటి రావాలి మరి. కలప చట్రానికి అద్దాలు బిగించి, సందులు లేకుండా మూసి, చిన్న ఇల్లు లాంటి పెట్టెలు తయారుచేయించారు. 1833లో రెండు పెట్టెల నిండా ఇంగ్లండు ఫెర్నులూ గడ్డి మొక్కలూ పెట్టి ఆస్ట్రేలియాలోని సిడ్నీకి పంపారు. నెలల తరబడి ప్రయాణం. మొక్కలు పచ్చగా చేరాయి. తిరుగు ఓడలో ఆస్ట్రేలియా మొక్కలు నింపి పంపితే, దారిలో మంచు కురిసినా, భూమధ్యరేఖ దగ్గర ఎండ మండినా, అవీ క్షేమంగా దిగాయి. లాడిజెస్ లెక్క తిరగబడింది: ఇరవైకి పంతొమ్మిది బతకసాగాయి.

1833 అనే ఏడాదిని గుర్తుంచుకోమని పాఠకులను కోరుతున్నాను. తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసినదీ ఆ ఏడే. మరుసటి ఏటినుంచే మారిషస్ చెరుకు తోటలకు మన దేశపు ఒప్పందపు కూలీలు ఓడలెక్కసాగారు. మొక్కలను సముద్రం దాటించే పెట్టె, మనుషులను సముద్రం దాటించే అవసరం ఒకే ఏట పుట్టడం కాకతాళీయమే. ఎవరూ కలిపి ఆలోచించి చేసినది కాదు. కాని తరువాతి నూరేళ్ళూ అవి రెండూ కలిసే నడిచాయి. పెట్టె మోసుకువచ్చిన మొక్క ఎక్కడ వేళ్ళూనితే, అక్కడికి కలుపు తీయడానికీ గీయడానికీ మనుషుల్ని దించేవారు.

1842లో వార్డు తన ప్రయోగాల గురించి పుస్తకం ప్రకటించాడు. 1845లో ఇంగ్లండులో గాజు మీది సుంకం ఎత్తివేశారు. గాజు చవక కావడంతో మధ్యతరగతి ఇళ్ళ ముందుగదుల్లోకి వార్డు పెట్టెలు వచ్చాయి. జనం ఫెర్నుల పిచ్చిలో పడ్డారు. కొన్ని అడవుల్లో అరుదైన జాతులు కరువయ్యేటంతగా తవ్వుకుపోయారు. గ్యాసు దీపాల పొగకు కూడా చావని ఆస్పిడిస్ట్రా అనే చైనా, జపాన్ వైపు మొక్క ప్రతి ఇంటి మూలా నిలిచింది. దాన్ని ఇనుప మొక్క అనేవారు. మన ఆఫీసు రబ్బరు మొక్క కూడా ఈ గుంపులోనిదే. తోలు లాంటి ఆకు, నీడకు ఓర్పు, నాలుగు రోజులు మరిచినా అలగని స్వభావం.

అదే పెట్టె రెండో పని చేసింది. లండను దగ్గరి క్యూ ఉద్యానవనంవారు దాన్ని సామ్రాజ్యపు పనికి వాడుకున్నారు. 1848 తరువాత రాబర్ట్ ఫార్చ్యూన్ అనే అతను చైనా నుంచి వేలకొలదిగా తేయాకు మొక్కలను ఈ పెట్టెల్లోనే హిమాలయ పాదాల తోటలకు చేర్చాడు. 1860 ప్రాంతంలో మలేరియా మందు క్వినైన్ ఇచ్చే సింకోనా నీలగిరులకు వచ్చింది. తరువాతి వంతు రబ్బరుది.

1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు అమెజాన్ ఉపనది తపాజోస్ ప్రాంతం నుంచి సుమారు 70,000 హెవియా గింజలు ఓడకెత్తి క్యూకు చేర్చాడు. ఆ గింజకు నూనె ఎక్కువ, కొన్ని వారాలకే చెడిపోతుంది. నూటికి నాలుగు కూడా మొలవలేదు. అయినా 2,700కు అటూ ఇటూగా మొలకలు దక్కాయి. ఆ ఆగస్టులోనే 38 వార్డు పెట్టెల్లో 1,900కు పైగా మొలకలు సింహళానికి పంపారు. వాటిని చూసుకోవడానికి ఒక తోటమాలిని కూడా ఓడలో తోడిచ్చారు. చాలా వరకు బతికే చేరాయి.

ఈ వాక్యం దగ్గర నేను కొంతసేపు ఆగిపోయాను. మా తాతగారు ఓడ డెక్కు మీద, చాప పరుచుకుని, వాంతులు చేసుకుంటూ వచ్చానని చెప్పేవారు. ఆయనకు తోడు వచ్చినవాడు కంగాణి. మొక్కలకు నీడ, తడి, తోటమాలి. ఈ పోలిక చెప్పి ఎవరినీ నిందించబోవడం లేదు. మొక్కకు ధర కట్టారు, అందుకని జాగ్రత్త పడ్డారు, అంతే.

సింగపూరుకు మొదట పంపిన మొలకలు బతకలేదు. 1877లో వచ్చిన 22 మాత్రం నిలిచాయి. వాటిలో తొమ్మిదిటిని పేరా రాష్ట్రంలోని క్వాలా కాంగ్సార్‌లో, రెసిడెంటు హ్యూ లో తన నివాసపు తోటలో నాటించాడు. ఆ తొలినాటి చెట్టు ఒకటి నేటికీ ఆ ఊళ్ళో జిల్లా కార్యాలయం దగ్గర కంచె మధ్య నిలిచి ఉంది. పేరాలో పుట్టిన తెలుగువారు ఒకసారైనా వెళ్ళి చూడవలసిన చెట్టు అది. బోదె లావు, పై కొమ్మలు పలచన, చూడడానికి గొప్పగా ఏమీ ఉండదు. ఈ దేశపు తోటల్లో మనవాళ్ళు గీసిన చెట్లలో అత్యధిక భాగం ఆ 22 మొక్కల సంతానమే.

హ్యూ లో గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. ఈయనను పాలకుడిగానే గుర్తుంచుకుంటారు గాని, పుట్టుక చేత ఈయన మొక్కల వ్యాపారి కొడుకు. తండ్రికి లండనులోని క్లాప్టన్ పేటలో నర్సరీ ఉండేది. గాజు ఇళ్ళలో, ముందు గదుల్లో పెట్టుకునే వింత మొక్కలు అమ్మడం వారి వృత్తి. యువకుడుగా హ్యూ లో బోర్నియోకు వచ్చింది తండ్రి దుకాణానికి ఆర్కిడ్లూ కూజా మొక్కలూ సేకరించడానికే. ఆయన పేరుతో ఒక కూజా మొక్క, కొన్ని ఆర్కిడ్లు నేటికీ శాస్త్రగ్రంథాల్లో ఉన్నాయి. ఇంటి అలంకారపు మొక్కలు వెతకవచ్చిన ఆ చేతులే మన తోటల విత్తు నాటించాయి. కుండీ మొక్కల చరిత్ర వేరు, తోట చెట్ల చరిత్ర వేరు అనుకునేవారికి ఇంతకంటె సాక్ష్యం నేను చూపలేను.

నాటిన పదేళ్ళకు పైగా వాటిని ఎవరూ పట్టించుకోలేదు. 1888లో సింగపూరు ఉద్యానవనానికి హెన్రీ రిడ్లీ వచ్చాడు. కాఫీ వేసుకునే దొరలను పట్టుకుని, కోటు జేబుల్లో రబ్బరు గింజలు పోసుకు తిరుగుతూ, నాటండి నాటండి అని వేధించేవాడు. పిచ్చి రిడ్లీ అన్నారు. చెట్టును గాయపరచకుండా, పాత కోత అంచునే రోజూ పలచగా చెక్కి పాలు రాబట్టే పద్ధతిని ఆయన నిలబెట్టాడు. అంతకు ముందు అమెజాన్‌లో గొడ్డలితో నరికేవారు. 1896 ప్రాంతంలో మలక్కాలో టాన్ చే యాన్ అనే చైనా వ్యాపారి అమ్మకానికి తోట వేశాడు. మోటారు కార్లకు టైర్లు కావలసివచ్చేసరికి దేశమంతా రబ్బరైంది. రిడ్లీ నూరేళ్ళు నిండి 1956లో పోయాడు. తనను పిచ్చివాడన్నవారందరి కంటె ఎక్కువ కాలమే బతికాడనుకుంటాను.

మనవాళ్ళు ఈ కథలోకి వచ్చింది అప్పుడే. కోస్తా జిల్లాల నుంచి, ముఖ్యంగా విశాఖపట్నం వైపు పల్లెల నుంచి, కరువుకో అప్పుకో తలవంచి వచ్చినవారు. 1910లో ఒప్పందపు కూలీ పద్ధతి ఇక్కడ ఆగిపోయినా కంగాణి పద్ధతి సాగింది. కూలీలను తీసుకురావడాన్ని 1938లో నాటి భారత ప్రభుత్వం నిలిపివేసింది. ఇదంతా మన పత్రికలో ఇదివరకు పలువురు రాసినదే కనుక విస్తరించను.

కాని రబ్బరు గీతకూ కుండీ మొక్కకూ సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. తెల్లవారుజామున పెరట్టు, అంటే హాజరు, ఎందుకు? దొర క్రమశిక్షణ ఒక్కటే కాదు. చెట్టు పగలంతా ఆకుల గుండా నీటిని గాలికి వదులుతుంది. రాత్రి ఆ పని సన్నగిల్లి, వేళ్ళు లాగిన నీరు ఒంటినిండా బిగువుగా నిలుస్తుంది. ఆ బిగువు మీద గీస్తేనే పాలు ధారగా దిగుతాయి. ఎండ ఎక్కితే బిగువు సడలుతుంది. మా అమ్మమ్మకు ఈ శాస్త్రం తెలియదు గాని, “పొద్దెక్కితే చెట్టు అలిసిపోద్దిరా” అనేది. కిటికీ పక్క కుండీ మొక్క మధ్యాహ్నం తల వాల్చి, సాయంత్రానికి దానంతటదే లేచి నిలబడడమూ ఇదే లెక్క. అది చూసి కంగారుపడి మిట్టమధ్యాహ్నం చెంబెడు నీళ్ళు గుమ్మరిస్తే వేళ్ళు కుళ్ళుతాయి. ఎక్కువమంది ఇంటి మొక్కలు చచ్చేది కరువుతో కాదు, ప్రేమతో. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దూర్చి, పొడిగా తగిలితేనే పోయాలి.

ఇక ఆ ఆఫీసు మొక్క, మర్రి జాతిది. దాని చరిత్ర మన గోదావరి జిల్లాకు చుట్టం. దాన్ని శాస్త్రానికి పరిచయం చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈయన 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ, తోట వేసి, కోస్తాలోని చెట్టుచేమలన్నీ పరిశీలించాడు. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. ఆ కోరమండల్ మొక్కల గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడింది. 1793లో ఆయన కలకత్తా ఉద్యానవనానికి మారాడు. 1810లో అక్కడికి సిల్హెట్ వైపు నుంచి ఒక బుట్ట నిండా తేనె కానుకగా వచ్చింది. అల్లిన బుట్టలోంచి తేనె కారలేదేమని చూస్తే, లోపల ఒక చెట్టు పాలు పూసి ఉన్నాయి. అదే ఈ చెట్టు. మేఘాలయ కొండల్లో దీని ఊడలనే వాగుల మీదుగా మళ్ళించి బతికున్న వంతెనలుగా పెంచుతారు. అంతటి వృక్షం మన గదిలో ఆరడుగుల కుండీ మొక్క అయింది.

సామర్లకోట నుంచి కోరంగి రేవు ఒక రోజు బండి ప్రయాణం. ఆ రేవు పేరుతోనే తరువాత మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువారిని కోరంగీలన్నారు. మొక్కల పేర్లు రాయించుకున్న చోటూ, మనుషులకు పేరు తగిలించిన రేవూ ఇంత దగ్గరగా ఉండడం పటం ముందు వేసుకుని చూస్తే గాని నాకు తట్టలేదు.

ఈ మర్రి రబ్బరును కూడా తోటగా వేసి చూశారు. అస్సాంలో తేజ్‌పూర్ దగ్గర చార్‌ద్వార్‌లో 1873లో ప్రభుత్వం తోట మొదలుపెట్టింది. మలయాలోనూ రంబోంగ్ అనే పేరుతో నాటారు. పాలు రావడానికి ఏళ్ళు పట్టింది, హెవియాతో పోటీకి నిలవలేకపోయింది. పస లేదని మా నాన్నగారు ఒక్క గోటి గీటుతో చెప్పినది తేలడానికి దొరలకు చాలా ఏళ్ళు పట్టింది. పోటీలో ఓడిన చెట్టు కుండీలోకి పోయి సుఖపడింది. గెలిచిన చెట్టు కింద మనవాళ్ళు నిలబడ్డారు.

దీనికి తిరుగుడుగా ఇంకొకటి జరిగింది. 1848లో జావాలోని బోగోర్ ఉద్యానవనానికి ఆఫ్రికా నూనె తాటి మొలకలు నాలుగు వచ్చాయి. వాటి సంతానాన్ని మొదట బాటల పక్క అందానికే నాటారు. మలయాకు కూడా అలంకారపు చెట్టుగానే వచ్చింది. 1917లో సెలంగోర్‌లోని తెన్నమారం తోటలో హెన్రీ ఫోకోనియే దాన్ని అమ్మకపు పంటగా వేశాడు. 1960ల తరువాత రబ్బరును నరికి ఎక్కడ చూసినా అదే నాటారు. చాలా చోట్ల మన లైను ఇళ్ళు కూలిందీ ఆ మార్పుల్లోనే, తరువాత ఆ భూముల్లో బంగళాలూ గోల్ఫు మైదానాలూ లేచినప్పుడే.

లైను ఇళ్ళంటే గుర్తొచ్చేది డబ్బాలు. దొర బంగళా వరండాలో ఫెర్నులు వేలాడేవి. వాటికి నీళ్ళు పోసే కెబున్ మనవాడే. సాయంత్రం లైనుకు వచ్చి అతనూ తన గుమ్మం ముందు పోసేవాడు, కిరసనాయిలు డబ్బాలో కరివేపాకుకు, మిలో డబ్బాలో కనకాంబరానికి, పగిలిన పాల కప్పులో తులసి మొలకకు. ఆ నేల మనది కాదు. తోట అమ్ముడుపోతే ఖాళీ చేయాలి. భూమిలో నాటితే వదిలి వెళ్ళాలి, డబ్బాలో నాటితే చంకన పెట్టుకుని పోవచ్చు. ఈ మాట మా పిన్ని అన్నది. ఆమె తోట వదిలిన రోజు లారీలో సామానంతా ఎక్కించి, కరివేపాకు డబ్బాను మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో అది నెల తిరగకుండా ఆకు రాల్చింది. కరివేపాకు ఎండ మొక్క. దానికి రోజూ నాలుగైదు గంటల సూటి ఎండ కావాలి. నడవ చివర మెట్ల దగ్గర ఎండ పడే చోటికి మార్చి, పెయింటు బకెట్టుకు అడుగున చిల్లులు కొట్టి నాటించాను. ఇప్పుడు ఆ అంతస్తు వాళ్ళందరూ, చైనా వాళ్ళూ మలయ్ వాళ్ళూ సహా, అందులోంచే తుంచుకుపోతారు. పిన్ని పైకి విసుక్కుంటుంది.

ఫ్లాట్లలో మొక్కలు పెంచేవారికి రెండు మూడు హెచ్చరికలు. కుండీ కింద పళ్ళెంలో నీరు నిలిస్తే డెంగీ దోమ వారం పది రోజుల్లో తయారవుతుంది. 1975 నాటి కీటకాల చట్టం కింద జరిమానా కూడా పడుతుంది. పళ్ళెంలో ఇసుక పోయండి, లేదా వారానికొకసారైనా కడిగి బోర్లించండి. ఏ.సీ. గాలి సూటిగా తగిలేచోట పలచటి ఆకుల మొక్క పెట్టకండి. ఇంట్లో మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న ప్రచారాన్ని అట్టే నమ్మకండి. అమెరికా అంతరిక్ష సంస్థవారు 1989లో మూసిన పెట్టెల్లో పెట్టి చేసిన పరీక్ష అది (మళ్ళీ పెట్టెలే!). 2019లో ఆ పరీక్షలన్నీ తిరిగి లెక్కకట్టినవారు, మామూలుగా గదిలోకి వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 దాకా మొక్కలు కావాలన్నారు. అప్పుడు మనం బయట పడుకోవాలి. మొక్కను అందానికి, తోడుకు పెట్టుకోండి, చాలు.

చిన్నపిల్లలున్న ఇంట్లో మచ్చల ఆకుల డీఫెన్‌బాకియాతో జాగ్రత్త. దీనికి ఇంగ్లీషులో మూగ చెరుకు అనే అర్థం వచ్చే పేరుంది. కాడ కొరికితే అందులోని సూదుల్లాంటి స్ఫటికాలు నోట్లో గుచ్చుకుని, నాలుక వాచి మాట పడిపోతుంది. వెస్టిండీసు చెరుకు తోటల్లో బానిసలను శిక్షించడానికి దీన్ని నోటికి రుద్దేవారని గ్రంథాల్లో రాశారు. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది. ఆ సంగతి చదివిన తరువాత మా ఇంట్లోది మాత్రం తీసివేశాను. పిల్లల కోసమే అని మా ఆవిడతో చెప్పాను.

మా నాన్నగారు పని విరమించి నా దగ్గరకు వచ్చాక, ఆఫీసు మార్చుతూ పారవేయబోయిన ఆ రబ్బరు మొక్కను నేను ఇంటికి తెచ్చాను. ఆయన ఏమంటారోనని జంకాను. ఏమీ అనలేదు. అలవాటు ప్రకారం తెల్లవారి ఐదు గంటలకు ముందే మెలకువ వచ్చేది ఆయనకు. చేయడానికి పనేమీ లేదు. తడిగుడ్డ తీసుకుని ఒక్కొక్క ఆకునూ పైనా కిందా తుడిచేవారు. దుమ్ము పేరుకుంటే ఆకుకు వెలుతురు అందదు, ఇంట్లో పెట్టుకునే వెడల్పాకు మొక్కకు ఇంతకు మించిన సేవ లేదు. అది అయ్యాక కాఫీ తాగేవారు.

అది పెరిగి పెరిగి కప్పుకు తగిలింది. తల కోసేస్తానని ఒక ఉదయం కత్తి తీశాను. నాన్నగారు నా చేతిలోంచి కత్తి తీసుకుని బల్ల మీద పెట్టారు.

“ఇప్పుడు కొయ్యకు, ఊరికే పాలు పోతాయి. మధ్యాహ్నం కొయ్యి. కింద పేపరు పరుచుకో, గచ్చు మీద పడితే మరక పోదు. కోసినచోట చల్లనీళ్ళు చల్లి, కాస్త బూడిద అద్దు” అన్నారు.

మధ్యాహ్నం దాకా ఆగి, ఆయన చెప్పినట్టే కోశాను.